పడకసీను ముందా, రాయబారం ముందా

డిసెంబరు మొదటి వారంలో విశాఖ బీచ్ రోడ్డు మీద సాయంత్రంపూట నడవడం కష్టంగా ఉండేది. నేవీ డే విన్యాసాల కోసం హెలికాప్టర్లు తలల మీదుగా తిరుగుతుండేవి. పిల్లలంతా పిట్టగోడ ఎక్కి కూర్చునేవారు. ఆ సందడిలోనే నేనూ మా మేనకోడలూ 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపానికి ఎదురుగా చోటు చూసుకుని, మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని కూర్చున్నాం. తను లాయరు. నేను కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి.

1971లో నాకు పన్నెండేళ్ళు. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మా ఇంటి కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఊరంతా బ్లాకవుట్. అద్దాలకి లోపలివైపు నల్ల కాగితాలు అంటించి ఉన్నాయి. అమ్మ భూకంపం అనుకుంది. హార్బరు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిందని కొన్ని రోజులకి గానీ తెలియలేదు. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చిందది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయి ఉంది. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే మునిగిందని మనవాళ్ళూ, లోపలే ఏదో పేలిందని వాళ్ళూ ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అందులో తొంభై మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు.

"మావయ్యా, ఈ స్తూపానికి దండం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇందిరాగాంధీ యుద్ధానికి వెళ్ళడం సరైనదేనని నువ్వు రాస్తున్న వ్యాసం మాత్రం మింగుడు పడటం లేదు," అంది మా మేనకోడలు.

"ఎక్కడ అడ్డం పడింది?"

"మొదటి పేరాలోనే. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు అమృత్‌సర్, పఠాన్‌కోట్, శ్రీనగర్, ఆగ్రా స్థావరాల మీద బాంబులు వేశాయి, అందుకే యుద్ధం వచ్చిందని రాశావు. ఆ సాయంత్రం ఆవిడ కలకత్తాలో బహిరంగ సభలో ఉందని కూడా రాశావు, ఏమీ తెలియని మనిషిలా. మన టాంకులు నవంబరు 21కే గరీబ్‌పూర్ దగ్గర సరిహద్దు దాటి లోపల ఉన్నాయి. మర్నాడు బొయ్‌రా మీద విమానాలు కొట్టుకున్నాయి. బెంగాలీ గెరిల్లాల ముక్తివాహినికి తుపాకులూ శిక్షణా అంతకు చాలా ముందు నించే ఇస్తున్నాం. బంగ్లాదేశ్ వాళ్ళు సాయుధ దళాల దినం చేసుకునేది కూడా నవంబరు 21నే. ఇలాంటి అఫిడవిట్ కోర్టులో వేస్తే అవతలి లాయరు అక్కడికక్కడే ఉతికి ఆరేస్తాడు."

నాకు కోపం రాలేదు. రాసినప్పటి నించీ నాకూ ఆ పేరా దగ్గర కలం తడబడుతూనే ఉంది.

"కొట్టేస్తాను," అన్నాను. "వాళ్ళు ముందు కొట్టారన్న మాట నా కేసుకి అక్కర్లేదు. ఆ విమానాలు రాకపోయినా ఆవిడ యుద్ధానికి వెళ్ళేదే. అయినా సరే, వెళ్ళడం న్యాయమనే అంటాను."

"అయితే నీ కేసేంటో మొదటి నించీ చెప్పు."

"1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని తుపాను ముంచింది. లక్షలమంది పోయారు. దివిసీమ చూసినవాళ్ళం, ఆ మాటకి అర్థం మనకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇస్లామాబాద్ సరిగ్గా పట్టించుకోలేదన్న కడుపుమంటతోనే జనం డిసెంబరులో ఓటేశారు. తూర్పున ఉన్న 162 సీట్లలో బెంగాలీల నాయకుడు ముజిబ్ పార్టీకి 160 వచ్చాయి. దేశం మొత్తానికి ఉన్న సీట్లు 300. అంటే పాకిస్తాన్‌కి ప్రధాని కావలసినవాడు ముజిబ్. సభ పెట్టాల్సిన సైనిక పాలకుడు యాహ్యాఖాన్ దాన్ని వాయిదా వేశాడు. మార్చి 25 రాత్రి సైన్యాన్ని వదిలాడు. ఢాకా యూనివర్సిటీ హాస్టళ్ళలో, ముఖ్యంగా హిందూ విద్యార్థులుండే జగన్నాథ్ హాల్లో, పిల్లల్నీ పంతుళ్ళనీ కాల్చి చంపారు. ఇది మనవాళ్ళు అల్లిన కథ కాదు. ఢాకాలో ఉన్న అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, తన ప్రభుత్వం నోరు మెదపకపోవడాన్ని తప్పుపడుతూ ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కి టెలిగ్రాం పంపాడు. ఆ కింద ఆయన సహోద్యోగుల సంతకాలున్నాయి."

"ఎంతమంది చచ్చిపోయారన్నదాని మీద బంగ్లాదేశ్ 30 లక్షలంటుంది, పాకిస్తాన్ కమిషన్ 26 వేలంటుంది. అంత తేడా ఉన్న సాక్ష్యంతో..."

"ఆ రెండు అంకెల్లో ఏదీ నేను వాడను. నాకు కావలసిన సాక్షులు వేరే. కోటి మంది. వాళ్ళు సరిహద్దు దాటి మన దేశంలోకి నడిచి వచ్చారు. త్రిపుర జనాభా అప్పుడు 15 లక్షల చిల్లర. అక్కడికి వచ్చిన శరణార్థులు ఇంచుమించు అంతమంది. ఒక ఇంటికి ఇంకో ఇల్లు చుట్టంగా వచ్చి పడితే ఎలా ఉంటుందో చూసుకో. కలకత్తా సాల్ట్ లేక్‌లో, అప్పటికింకా ఇళ్ళు లేని చోట, డ్రైనేజీ కోసం తెచ్చిన సిమెంటు గొట్టాల్లో కాపురాలు పెట్టారు. జూన్లో కలరా వచ్చింది. పాకిస్తాన్ తన సొంత గొడవ అంటున్నది ఇప్పుడు మన ఇంటి గొడవ అయిందని ఆవిడ మే 24న లోక్‌సభలో చెప్పింది. ఆ మాటలో అతిశయోక్తి ఎంతుందో నువ్వే చెప్పు."

చొక్కా జేబులోంచి కవరు తీశాను. తనకి చూపించాలనే ఇంటి దగ్గర నించి తెచ్చాను. మా నాన్న తాతయ్యకి రాసిన ఉత్తరం అది. తాతయ్య పోయాక ఆయన ట్రంకు పెట్టెలో దొరికింది. మామూలు స్టాంపు పక్కన ఇంకో చిన్న బిళ్ళ అంటించి ఉంది. అయిదు పైసలది. కుటుంబ నియంత్రణ బొమ్మ బిళ్ళ మీదే 'రెఫ్యూజీ రిలీఫ్' అని అదనంగా అచ్చు కొట్టారు. 1971 నవంబరు 15 నించి ఉత్తరం వెయ్యాలంటే అది అంటించక తప్పేది కాదు. కొత్త బిళ్ళ అచ్చయ్యేదాకా ఆగలేక ఉన్నవాటి మీదే అక్షరాలు కొట్టేశారు.

మా మేనకోడలు దాన్ని దీపం వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. చూసి కూడా వదల్లేదు.

"కష్టం నిజమే మావయ్యా. కష్టానికి మందు యుద్ధమేనా అన్నది నా ప్రశ్న. శరణార్థుల్ని పోషించడం కంటే యుద్ధం చవక అని అప్పట్లో లెక్కలు కట్టారని విన్నాను."

"కట్టారు. ఆ లెక్క నాకూ నచ్చదు. డబ్బు కోసం యుద్ధానికి వెళ్ళి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. వాళ్ళు వెనక్కి వెళ్ళడానికి ఇంకో దారి ఉందా అని ఆవిడ వెతికిందా లేదా అన్నదే నాకు ముఖ్యం. వెతికింది. జయప్రకాశ్ నారాయణ్ తనంతట తాను దేశాలు తిరిగాడు. మంత్రులు తిరిగారు. అక్టోబరులో ఆవిడే బయల్దేరింది. బ్రస్సెల్స్, వియన్నా, లండన్, వాషింగ్టన్, పారిస్, బాన్. మూడు వారాల రాయబారం."

ఆ మాట అనకుండా ఉండవలసింది. మా మేనకోడలు రాయబారం పద్యాలు వింటూ పెరిగిన పిల్ల. మా బావ, అంటే వాళ్ళ నాన్న, సురభి నాటకాలకి పిల్లని భుజాన వేసుకుని తీసుకెళ్ళేవాడు.

"రాయబారం అన్నావు కనక అడుగుతున్నాను. పడకసీను ముందా, రాయబారం ముందా?"

నేను మాట్లాడలేదు.

"కృష్ణుడి కాళ్ళ దగ్గర అర్జునుడూ, తల దగ్గర దుర్యోధనుడూ వచ్చి కూర్చున్నది యుద్ధానికి సాయం అడగడానికి. అదయ్యాకే కదా రాయబారం! సేనలు పంచుకున్నాక సంధికి వెళ్ళారు. ఇక్కడా అంతే. ఆగస్టు 9న రష్యాతో ఒప్పందం అయింది. అది పడకసీను. అక్టోబరులో విమానం ఎక్కింది. అది రాయబారం. అన్నీ సిద్ధం చేసుకుని, లోకం చేత అవుననిపించుకోవడానికి వెళ్ళి, నవంబరు 13న తిరిగొచ్చి, వారానికే గరీబ్‌పూర్ దాటారు. దాన్ని శాంతి ప్రయత్నం అంటావా?"

ఇంత పదునైన మాట నాతో చదువుకున్నవాళ్ళు కూడా ఎప్పుడూ అడగలేదు. కాసేపు సముద్రం వైపు చూస్తూ ఆలోచించాను.

"అంటాను. రాయబారం నిజమో నాటకమో తేల్చేది ముందు సేన కూర్చారా లేదా అన్నది కాదు. ఏం అడిగారన్నది. పాండవులు చివరికి అయిదూళ్ళకి దిగారు. ఇవ్వగలిగిందే అడిగారు. ఆవిడ అడిగిందేమిటి? జైల్లో పెట్టిన ముజిబ్‌తో మాట్లాడండి, ఓట్లు గెలిచినవాళ్ళతో ఒప్పందానికి రండి, ఈ జనం భయం లేకుండా ఇంటికి వెళ్ళేలా చెయ్యండి. పాకిస్తాన్‌ని రెండు ముక్కలు చెయ్యమని అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ని అడగలేదు. యాహ్యా ఏం చేశాడు? ఆగస్టులో లయల్‌పూర్‌లో సైనిక కోర్టు పెట్టి ముజిబ్ మీద రహస్యంగా విచారణ మొదలెట్టాడు, ఉరి వేస్తారని లోకమంతా భయపడేలా. నిక్సన్‌కేమో చైనా తలుపు తీయించుకోవడానికి యాహ్యా కావాలి. జూలైలో ఆయన సలహాదారు కిసింజర్ బీజింగ్‌కి దొంగచాటుగా వెళ్ళింది పాకిస్తాన్ మీదుగానే. అది తెలిశాక రష్యా దగ్గరికి వెళ్ళక ఎక్కడికి వెళ్తుంది? ఒకవైపు చైనా, ఒకవైపు అమెరికా పాకిస్తాన్ వెనక నిలబడితే, ఒంటరిగా రాయబారానికి వెళ్ళినవాణ్ణి కట్టెయ్యబోతారు. దుర్యోధనుడు చేసిందీ అదే కదా."

"సరే. మరి ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్, సరిహద్దుకి రెండువైపులా పరిశీలకుల్ని పెడతానంటే? పాకిస్తాన్ ఒప్పుకుంది. ఒప్పుకోనిది మనం. యుద్ధం వద్దనుకునేవాళ్ళు పరిశీలకులకి ఎందుకు భయపడతారు?"

"ముక్తివాహిని శిబిరాలు కనబడతాయని. దాచను. అదొక్కటే కారణం కాదు గానీ, అది కారణమే. రెండోది ఏమిటంటే, ఊచకోత జరుగుతున్నది ఒకవైపు. పారిపోయి వచ్చినవాళ్ళు ఇంకోవైపు. ఇద్దరి గుమ్మంలోనూ ఒకేలాంటి కాపలాదారుణ్ణి నిలబెడితే ఇద్దరూ ఒకటే నేరం చేసినట్టు అవుతుంది. పరిశీలకులు లెక్క రాసుకునేవారు. ఇళ్ళకి ఎవరు పంపేవారు?"

"డిసెంబరు 7న జనరల్ అసెంబ్లీలో 104 దేశాలు యుద్ధం ఆపమన్నాయి. 11 మాత్రమే వద్దన్నాయి. భద్రతా మండలిలో రష్యా మూడుసార్లు వీటో వెయ్యకపోతే మన పరువు దక్కేది కాదు. లోకమంతా తప్పు, మనమొక్కళ్ళమే ఒప్పా?"

"ఆ 104లో మార్చి నించి నవంబరు దాకా ఒక్క శరణార్థిని వెనక్కి పంపించగలిగిన దేశం ఎన్ని?"

దానికి తను ఒప్పుకోలేదు. ప్రశ్నకి ప్రశ్న జవాబు కాదంది. బలమున్న ప్రతి దేశమూ రేపు పక్కదేశాన్ని రక్షిస్తున్నాననే వెళ్తుందనీ, అమెరికా 2003లో ఇరాక్‌కి అలాగే వెళ్ళిందనీ, నేను తెరిచిన తలుపులోంచే వాళ్ళూ దూరారనీ అంది. ఈ వాదనకి నేను చాలా విలువిస్తాను. యుద్ధాన్ని సమర్థించే ఎవరి మాటనైనా వినే ముందు అడగవలసింది ఇదే.

"ఒకేలా ఉన్నాయా చూడు," అన్నాను. "ఇరాక్ నించి కోటి మంది నడిచి అమెరికా వెళ్ళలేదు. ఉన్నాయన్న మారణాయుధాలు దొరకలేదు. వెళ్ళినవాళ్ళు ఎనిమిదేళ్ళకి గానీ కదల్లేదు. ఇక్కడ డిసెంబరు 16న ఢాకా రేస్‌కోర్సు మైదానంలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు, మన జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా ముందు. తూర్పున పని అయిపోయింది. పడమట మన సైన్యం ఇంకా కొట్టగలదు, కొట్టమన్నవాళ్ళూ ఉన్నారు. మర్నాడు రాత్రి 8 గంటలకి ఆవిడ తనంతట తాను కాల్పులు ఆపించింది. 1972 మార్చిలో మన చివరి దళాలు ఢాకాలో వీడ్కోలు కవాతు చేసి వచ్చేశాయి. తూర్పున ఒక్క ఊరు ఉంచుకోలేదు. పట్టుబడ్డ 93 వేల మందిని తరవాత ఇంటికి పంపాం. అన్నిటికంటే నాకు పెద్ద సాక్ష్యం, ఆ శరణార్థులు. సంకురాత్రి దాటేసరికి చాపలు చుట్టుకుని, గిన్నెలు మూట కట్టుకుని, వచ్చిన దారినే నడిచిపోయారు. మార్చి కల్లా దాదాపు శిబిరాలన్నీ ఖాళీ. యుద్ధం దేని కోసమని చెప్పామో అది జరిగింది. అది జరగగానే యుద్ధం ఆగింది. ఈ రెండూ చూపించగలిగినవాడికి ఆ తలుపు తెరుచుకోవచ్చు. నా లెక్కన అలాంటివాళ్ళు చాలా కొద్దిమంది."

"బీహారీలు?"

"అవును. ఉర్దూ మాట్లాడేవాళ్ళని బెంగాలీలు చంపారు, ముందూ చంపారు, తరవాతా చంపారు. మిగిలినవాళ్ళ పిల్లలు ఇప్పటికీ ఢాకాలో జెనీవా క్యాంపులో ఉన్నారు. మన సైన్యం కొన్నిచోట్ల అడ్డుపడింది, అన్నిచోట్లా కాదు. ఇది నా వ్యాసంలో ఉంది."

"ఉంది, ఒక్క వాక్యం," అంది. "పెంచు."

తరవాత ఎమర్జెన్సీ దగ్గరికి వచ్చాం. ఇక్కడ మాకు పెద్ద తగాదా లేదు. డిసెంబరు 3 రాత్రి రాష్ట్రపతి వి.వి. గిరి సంతకం చేసిన అత్యవసర పరిస్థితి యుద్ధం పధ్నాలుగు రోజుల్లో ముగిసినా ఎత్తెయ్యలేదు. 1975లో దాని మీదే ఇంకోటి వేశారు. రెండూ 1977 మార్చి దాకా నడిచాయి. శరణార్థుల ఏడాదే తెచ్చిన, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టంతోనే తరవాత సొంత దేశం వాళ్ళని జైళ్ళలో కుక్కారు. ఢాకాలో బూటుకాళ్ళని తరిమిన మనిషే ఇక్కడ చేసిందది. యుద్ధం వల్ల ఓట్లు కూడా వచ్చాయంది మా మేనకోడలు, 1972 ఎన్నికల్లో. వచ్చాయి. అయితే 1971 మార్చిలోనే ఆవిడకి 352 సీట్లున్నాయి. ఓట్ల కోసం యుద్ధం కావలసిన అవసరంలో అప్పుడు లేదు. ఎమర్జెన్సీని ఒక్క మాటతో కూడా సమర్థించను. డిసెంబరు 1971 చేతిని జూన్ 1975 చేతితో కలిపి చూడమంటే మాత్రం ఒప్పుకోను.

హెలికాప్టర్లు వెళ్ళిపోయాయి. జనం పల్చబడ్డారు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం వైపు నించి ఐస్‌క్రీం బండ్ల గంటలు వినిపిస్తున్నాయి.

"ఒకటి మిగిలింది మావయ్యా," అంది. ఈసారి లాయరు గొంతు కాదు. "నీ వ్యాసంలో నువ్వు ఎక్కువ మెచ్చుకున్నది ఆవిడ ఓర్పుని. ఏప్రిల్లో వెళ్దామంటే సైన్యాధిపతి మానెక్ షా ఆగమన్నాడని, వానలొస్తే ఆ దేశంలో నదులు సముద్రాలవుతాయన్నాడని, చలికాలానికి మంచు పడితే చైనా కనుమలు మూసుకుంటాయన్నాడని, ఆవిడ విన్నదని రాశావు."

"మానెక్ షా తరవాత చాలా సభల్లో చెప్పిన మాట అది. తారీకుల దగ్గర చరిత్రకారులకి అనుమానాలున్నాయి గానీ, ఆగిన మాట నిజం."

"ఆగినన్నాళ్ళూ అక్కడ చంపుతూనే ఉన్నారు కదా. ఊళ్ళు తగలబెడుతూనే ఉన్నారు. ఆడవాళ్ళని చెరబడుతూనే ఉన్నారు. మన శిబిరాల్లో పిల్లలు కలరాతో పోతూనే ఉన్నారు. డిసెంబరులో యుద్ధం న్యాయమైతే, ఏప్రిల్లో చెయ్యకపోవడం ఏమవుతుంది? నువ్వు ఓర్పు అంటున్నదాన్ని ఏప్రిల్లో ఇల్లు కాలిన మనిషి ఏమంటాడు?"

ఇంతసేపూ యుద్ధం వద్దన్న పిల్ల యుద్ధం ఎందుకు ఆలస్యమైందని అడుగుతోంది. కానీ అది పొరపాటున అడిగిన ప్రశ్న కాదు. నా వాదన లోపలికి దిగి, అక్కడ నిలబడి అడిగిన ప్రశ్న.

"ఏప్రిల్లో వెళ్తే వర్షాల్లో చిక్కుకుపోయేవాళ్ళం," అన్నాను. "సగంలో ఉండగా సమితి ఆపేది. కశ్మీరులోలా ఒక గీత గీసేవారు. ఆ గీతకి అవతల ఉన్నవాళ్ళ గతి ఏమయ్యేదో తెలీదు. డిసెంబరులో కూడా మన సైనికులు 3,800 మందికి పైగా పోయారు. ఖుక్రీ ఒక్క ఓడతోనే 194 మంది మునిగిపోయారు. సిద్ధం కాకుండా వెళ్తే ఇంకెందరో."

"అది మన లెక్క. వాళ్ళ లెక్క?"

"వాళ్ళ లెక్క నా దగ్గర లేదు."

తను ఉత్తరం విప్పింది. నాన్న చేతిరాత పొందిగ్గా ఉంటుంది. డిసెంబరు 10 తారీకు. కిరసనాయిలు దొరకడం లేదని, రాత్రిళ్ళు దీపం పెట్టుకోవడం లేదని, పిల్లలు క్షేమమని రాశాడు. జాలరులు సముద్రంలోంచి లైఫ్ జాకెట్లూ ఏవో చెక్కలూ తెచ్చి నేవీ వాళ్ళకి ఇచ్చారట అని ఒక వాక్యం. పడవలో ఎంతమంది ఉన్నారో పాపం అని ఇంకో వాక్యం. ఆ కింద, తూర్పు బెంగాల్ వాళ్ళ కోసం మా ఆఫీసులో ఒకరోజు జీతం ఇచ్చాం అని.

అంతా చదివి కవరులో పెట్టింది. బిళ్ళ అంచు ఊడుతోంటే వేలితో అదిమింది.

"ఆ ఎనిమిది నెలల సంగతి ఎక్కడ రాస్తావు?" అని అడిగింది.

"మొదటి పేరా ఖాళీ అయింది కదా," అన్నాను.